ఐదు ఆదివారాల మాత్రలు

పొద్దున్న ఆరున్నరకి మా చెల్లి ఫోన్. "అన్నయ్యా, ఒకసారి రాగలవా" అంది, అంతే. మద్దిలపాలెం నుంచి ఎంవీపీ కాలనీకి ఎంతసేపు! వెళ్ళేసరికి వంటగదిలో స్టూలు మీద కూర్చుని ఉంది. రెండు చేతుల వేళ్ళూ కణుపుల దగ్గర ఉబ్బిపోయాయి, ముట్టుకుంటే వేడిగా ఉన్నాయి. స్టవ్ నాబ్ తిప్పలేకపోయిందట. పిల్లాడికి స్కూలు టైమైపోతోందని ఒకటే ఏడుపు.

పాలు కాచిచ్చి, మందుల డబ్బా తీశాను. మెథోట్రెక్సేట్‌ని మా ఇంట్లో ఆదివారం మాత్ర అంటాం, వారానికి ఒక్కరోజే వేసుకోవాలి కాబట్టి. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే కీళ్ళ మీద దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బు అని తేలినప్పటి నుంచి చెల్లిని మళ్ళీ మనిషిని చేసింది ఆ మాత్రే. చూస్తే ఐదు ఆదివారాల మాత్రలు కదలకుండా ఉన్నాయి. పక్కనే ఆకుపచ్చ డబ్బా. ప్రీబయాటిక్ పౌడర్, అంటే పేగుల్లో మంచి బాక్టీరియాకి మేత. మూడు వందల గ్రాములు, 2,400 రూపాయలు!

అమ్మింది ఎవరో బయటివాళ్ళు కూడా కాదు, చెల్లి అత్తగారి వైపు చుట్టమే, ఒకావిడ. నెట్‌వర్క్ బిజినెస్. "పేగు బాగుపడితే ఆటోఇమ్యూన్ జబ్బులన్నీ పోతాయి, ఆ ఇంగ్లీషు మందులు లివర్‌ని తినేస్తాయి" అని చెప్పిందట. లివర్ మీద ప్రభావం ఉండొచ్చనే కదమ్మా డాక్టరు ఎప్పటికప్పుడు రక్తపరీక్షలు రాసేది! ఆ ముక్క మాత్రం చెప్పదు.

డబ్బా తిప్పి చూశాను. అతి చిన్న అక్షరాల్లో ఉంది: మందుగా వాడటానికి కాదు అని. లోపలున్నది ఇనులిన్, చికోరీ దుంప నుంచి తీసే పీచు. విషమేమీ కాదు. మనకి అరగదు, పెద్దపేగులో ఉండే మంచి బాక్టీరియా దాన్ని తిని బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లం లాంటివి తయారుచేస్తుంది. ఆ బ్యుటిరేట్ రోగనిరోధక వ్యవస్థని శాంతపరిచే కణాలకి ఊతమిస్తుందని 2013లో ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో కనిపించింది. ఎలుకల్లో! అక్కడి నుంచి "మాత్రలు మానెయ్" అనేదాకా ఎలా దూకారండీ? ఏ డాక్టరు చెప్పాడు? పైగా ఆ పౌడర్ మొదలెట్టాక కడుపుబ్బరం, గ్యాస్. "లోపలి చెత్త బయటికి పోతోంది, ఇంకో డబ్బా తీసుకో" అందట. రెండో డబ్బా కూడా కొనిపించింది.

ఆ పీచే కావాలంటే ఉల్లిపాయలో లేదా, వెల్లుల్లిలో లేదా? మా నాయనమ్మ రోజూ పొద్దున్నే తరవాణి అన్నంలో ఉల్లిపాయ నంజుకుని తినేది. వండి చల్లారిన అన్నంలో అరగని పిండి పెరుగుతుంది, అదీ పేగుల్లో బాక్టీరియాకి మేతే. అరటికాయలోనూ ఉంది. రైతుబజార్లో వంద రూపాయలకి సంచి నిండుతుంది. తినండి, మంచిదే. కానీ అదే నాయనమ్మ వేళ్ళు చివరికి వంకర్లు పోయాయి, జడ అల్లుకోలేకపోయేది. అప్పట్లో ఎవరూ జబ్బు పేరు కూడా చెప్పలేదు. అందుకే చెల్లి విషయంలో నాకింత టెన్షన్. కీలు ఒకసారి అరిగిపోతే వెనక్కి రాదు. ఏ పౌడరూ తేలేదు.

అసలు నా కడుపుమంట ఇవాళ్టిది కాదు. జబ్బు బయటపడకముందు, సింహాచలంలో ఒక పెళ్ళి. ముందురోజు ఆడవాళ్ళంతా జంతికలు వత్తుతున్నారు. చెల్లి గొట్టం పట్టుకుంది, నొక్కలేకపోయింది. మళ్ళీ పట్టుకుంది, చేతిలోంచి జారి నూనె మూకుడు పక్కన పడింది. "ఈకాలం పిల్లలకి ఒళ్ళు వంగదు, పనంటే నొప్పులొస్తాయి" అని పదిమందిలో అన్నది ఎవరు? ఈ పౌడర్ అమ్మినావిడే. అంతా నవ్వారు. చెల్లి ఆ రాత్రి చున్నీతో వేళ్ళు చుట్టుకుని పడుకుంది, నేను చూశాను. ఆ తర్వాత పద్నాలుగు నెలలు నొప్పి బిళ్ళలు మింగుతూ తిరిగింది. చివరికి ఒక రుమటాలజిస్ట్, అంటే కీళ్ళవాతం డాక్టరు, ఈ జబ్బుని పట్టిచ్చే యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష రాస్తే గానీ అది బద్ధకం కాదని ఎవరూ నమ్మలేదు. అప్పుడు జబ్బే లేదన్న మనిషి, ఇప్పుడు జబ్బుకి మందు అమ్ముతోంది!

చెల్లిని తిట్టలేను. రోజూ పొద్దున్నే గంటసేపు వేళ్ళు ముడుచుకోక బాధపడే మనిషికి "ఇక మాత్రలు అక్కర్లేదు" అన్న మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో నాకు తెలుసు. నాకు చెప్పలేదని మాత్రం కోపంగా ఉంది. "నువ్వు వద్దంటావని చెప్పలేదు అన్నయ్యా" అంది. నాలుగు రోజుల నుంచి ఆ పౌడర్ డబ్బా మూత తియ్యడానికి కూడా పిల్లాడినే పిలుస్తోందట.

డాక్టరుగారితో మాట్లాడాను. ఇవాళే రక్తపరీక్షలకి తీసుకెళ్ళమన్నారు, రిపోర్టు చూశాక మాత్ర ఎలా మొదలెట్టాలో చెబుతామన్నారు. పౌడర్ అమ్మినావిడకి మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తట్లేదు. రెండు డబ్బాలూ నా బండి డిక్కీలో ఉన్నాయి. సాయంత్రం సీతమ్మధార, వాళ్ళింటికే వెళ్తున్నాను.