డిటెక్టర్ పెడితే తేలిపోయే సంగతి కాదు ఇది

టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "బడుల్లో ఏఐని బ్యాన్ చేయండి. పిల్లలు రాసింది ఏఐ రాతను పట్టే డిటెక్టర్‌లో పెడితే కాపీ ఏదో తేలిపోతుంది. దీనికోసం టీచర్లు కూర్చుని చర్చించడం దండగ." పిల్లలు సొంతంగా ఆలోచించడం మానేస్తారన్న దిగులు నాకూ ఉంది. కానీ ఈ మూడు మాటల్లో ఏదీ నిలబడదు.

బ్యాన్ సంగతి చూద్దాం. న్యూయార్క్ నగరం ఆ పని చేసి చూసింది. అడిగింది రాసిపెట్టే ఏఐ చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న వచ్చింది. 2023 జనవరిలో అక్కడి ప్రభుత్వ బడుల నెట్‌వర్క్‌లో దాన్ని ఆపేశారు. మే నెలలో నిషేధం ఎత్తేశారు. మొదట్లో భయంలో పడి దాని ఉపయోగాన్ని చూడలేదని అప్పటి స్కూళ్ల ఛాన్సలర్ డేవిడ్ బ్యాంక్సే ఒప్పుకున్నారు. బడిలో ఆపినా ఇంటికెళ్తే నాన్న ఫోన్ ఉంటుంది కదా!

ఇక డిటెక్టర్. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐయే 2023 జనవరిలో ఒకటి విడుదల చేసింది. ఏఐ రాసినవాటిలో అది పట్టుకున్నది 26 శాతమే. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ ఖాతాలో వేసింది. కచ్చితత్వం లేదని ఆ జులైలోనే వెనక్కి తీసుకున్నారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది తేల్చిన విషయం. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవేనని డిటెక్టర్లు చెప్పాయట. తెలిసిన కొద్ది మాటలతో, సాదా వాక్యాలతో రాస్తే వాటికి యంత్రం రాసినట్టే కనిపిస్తుంది. మన పల్లెటూరి పిల్లలు ఇంగ్లీషు రాసేది అలాగే. కష్టపడి సొంతంగా రాసిన పిల్లను దొంగ అంటే, మళ్లీ పెన్ను పట్టుకుంటుందా?

చర్చ దండగ అన్న మాటకు చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో జరిగింది చెప్తాను. ఒక తెలుగు మేడం వేమన పద్యాలతో ఏఐ చేత వర్క్‌షీట్ చేయించి తెచ్చారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అందులో ఒక పద్యం మాలో ఎవరికీ తెలియదు. చివర "విశ్వదాభిరామ వినురవేమ" ఉంది కాబట్టి ముందు ఎవరికీ అనుమానం రాలేదు. పక్కనున్న సీనియర్ మాస్టారు పెన్సిల్ తీసి గణాలు విడదీశారు. ఆటవెలది రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే ఉండాలి, అక్కడ మూడోది కుదరలేదు. మొదటి పాదంలో యతి కూడా లేదు. ఏఐ అల్లేసిన పద్యం అది! మేడం ఒంటరిగా ఉంటే అది నేరుగా పిల్లల నోట్సుల్లోకి వెళ్లిపోయేది. ఆ మధ్యాహ్నమే మేమంతా కలిసి దాన్ని తొమ్మిదో తరగతికి ఛందస్సు అభ్యాసంగా మార్చాం: "ఇది వేమన పద్యం కాదని నిరూపించండి." పిల్లలు ఆటలా చేశారు. గురువు, లఘువు గుర్తించమంటే ఆవలించేవాళ్లు కూడా ఆ రోజు బోర్డు దగ్గరికి ఎగబడ్డారు.

తరగతిలో ఇలాంటి ఏఐ సాధనాలు వాడే పిల్లలకు కనీసం 13 ఏళ్లుండాలని 2023లో యునెస్కో సూచించింది. మా ఆరో తరగతి పిల్లలకు పదకొండే. వాళ్లకు టీచరే వాడి చూపించాలా, అసలు వద్దా అన్నది వచ్చే మీటింగ్‌లో మాట్లాడుకోబోతున్నాం. లెక్కల సార్లు వద్దంటున్నారు, సైన్స్ వాళ్లు చూపిద్దామంటున్నారు.