‘ఫార్మాట్ కొట్టెయ్ బ్రో’ అనే ముందు, ‘అర్జెంట్ అన్నా’ అనే ముందు

“అన్నా ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవుతోంది, ఏం చేయాలి, కొంచెం అర్జెంట్.”

తెలుగు టెక్ గ్రూపుల్లో ఏ రోజు చూసినా ఈ ప్రశ్న ఉంటుంది. ఐదు నిమిషాల్లో కింద జవాబులు వరస కడతాయి. ఫార్మాట్ కొట్టెయ్ బ్రో. ఎస్‌ఎస్‌డీ వేయించు. ర్యామ్ పెంచు. వైరస్ అయ్యుంటుంది. నాలుగూ ఊహలే. అడిగినవాళ్లు ఏమీ చెప్పలేదు, చెప్పేవాళ్లు ఏమీ అడగలేదు. మధ్యలో పోయేది మాత్రం పదేళ్ల ఫొటోలు, అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు, షాపు లెక్కలు.

పైసా తీసుకోకుండా రాత్రి పదకొండింటికి కూర్చుని, ముక్కూ మొహం తెలియనివాళ్ల సమస్య చూసేవాళ్లు ఈ గ్రూపుల్లో ఉన్నారు. అలాంటివాళ్లు దొరకడం మన అదృష్టం. వాళ్ల చేతికి మనం ఏమిస్తున్నామన్నదే నా బాధ. డాక్టరు దగ్గరికి వెళ్లి “బాగాలేదు” అని ఊరుకోం కదా. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, తిన్న తర్వాతా ముందా అని చెప్తాం. కంప్యూటర్ విషయంలో ఆ చెప్పడమే సగం వైద్యం, ఆ సగం అడిగేవాళ్లే చేయాలి. ఎందుకంటే మిషను వాళ్ల ముందే ఉంది.

ఆ ‘హ్యాంగ్’ ప్రశ్ననే తీసుకుందాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ చూడండి, మిషను నత్తలా నడుస్తున్న సమయంలోనే చూడండి. మెమరీ 95 శాతం దగ్గర ఉంటే ర్యామ్ చాలడం లేదు, అప్పుడు ‘ర్యామ్ పెంచు’ అన్న సలహాకి అర్థం ఉంది. సీపీయూ వేగం 0.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఇరుక్కుపోయి కదలకపోతే వేడి గానీ చార్జర్ గానీ కారణం కావచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌లు చార్జర్‌ని గుర్తుపట్టకపోతే ప్రాసెసర్‌ని కావాలనే నెమ్మది చేస్తాయి. అలాంటి మిషనుకి ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా పైసా ఉపయోగం లేదు. ఇక డిస్క్ 100 శాతం చూపిస్తూ, చదివే వేగం మాత్రం సెకనుకి ఒక ఎంబీ కూడా లేకుండా, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లలో ఉంటే డిస్క్ ప్రమాదంలో ఉందని అనుమానించాలి. ఆరోగ్యంగా ఉన్న ఎస్‌ఎస్‌డీలో ఆ అంకె మామూలుగా కొద్ది మిల్లీసెకన్లే ఉంటుంది.

డిస్క్ మీద అనుమానం వచ్చినప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాధనం తెరిచి మూడు వరసలు చూడాలి: 05, సీ5, సీ6. పాడై పక్కన పెట్టేసిన సెక్టార్లు (డిస్క్‌లో డేటా రాసే చిన్న గళ్లు) 05లో ఉంటాయి. చదవలేక తేలకుండా వేలాడుతున్నవి సీ5లో, బొత్తిగా చదవలేకపోయినవి సీ6లో కనిపిస్తాయి. చాలామంది తడబడేది ఒకచోట ఉంది. ఆ సాధనం మొదట్లో అంకెల్ని హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో, చూపిస్తుంది. సీ5 వరస చివర ‘ఏ8’ అని ఉంటే అర్థం కాక వదిలేస్తారు. అది 168. చదవలేని సెక్టార్లు నూట అరవై ఎనిమిది! ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్ అని వెళ్లి 10 డెసిమల్ ఎంచుకుంటే మామూలు అంకెలు కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్ పెట్టేముందు ఆ మార్పు చేయండి. ఎన్‌వీఎమ్‌ఈ అనే కొత్తరకం ఎస్‌ఎస్‌డీలకి ఈ లెక్క పనికిరాదు, అక్కడ 05 అంటే అర్థం వేరు. వాటిలో ‘మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్’ అన్న వరస చూడాలి.

ఈ స్థితిలో ఉన్న డిస్క్‌కి ‘ఫార్మాట్ కొట్టెయ్’ అని చెప్పడం చాలా పెద్ద తప్పు. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ అంటే డిస్క్ అంతా సున్నాలు రాయడమే, ఆ తర్వాత తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. ‘చెక్‌డిస్క్ పెట్టు’ కూడా అంత తేలిక సలహా కాదు. చెడిన సెక్టార్లు వెతికే రకం పెడితే డిస్క్ ఆ చివర నుంచి ఈ చివరిదాకా చదువుతుంది, ఫైల్ సిస్టమ్‌ని అక్కడికక్కడే సరిచేస్తూ పోతుంది, కొనఊపిరితో ఉన్న డిస్క్ ఆ పనిలోనే ప్రాణం వదిలేయొచ్చు. మొదటి సలహా ఎప్పుడూ ఒకటే ఉండాలి: బయటి డ్రైవ్ తగిలించి, పోతే మళ్లీ దొరకనివి ముందు కాపీ చేసుకోండి. ఫొటోలు, డాక్యుమెంట్లు, లెక్కల ఫైళ్లు. సినిమాలు తర్వాత.

ఇప్పుడు అదే ప్రశ్న ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి.

“విండోస్ 11, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్లు. పది రోజులుగా ఏ ఫైలు తెరిచినా రెండు నిమిషాలు పడుతోంది, అంతకుముందు బాగానే ఉంది. ఈ మధ్య కొత్తగా ఏమీ ఇన్‌స్టాల్ చేయలేదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం, రెస్పాన్స్ టైమ్ 4000 మిల్లీసెకన్లు. సీ5లో 168 ఉంది. ఇంకా ఏమీ చేయలేదు. డేటా ముఖ్యం.”

ఏడు చిన్న వాక్యాలే. దీనికి జవాబు చెప్పడానికి నిపుణుడికి ఒక నిమిషం చాలు. చివరి రెండు మాటలు ప్రత్యేకంగా చూడండి. ‘ఇంకా ఏమీ చేయలేదు’ అన్నది చాలా విలువైన సమాచారం. ఇప్పటికే రిజిస్ట్రీ క్లీనర్ నడిపారా, షాపులో ఇచ్చి తెచ్చారా, విండోస్ మళ్లీ వేశారా అన్నది తెలియకపోతే సాయం చేసేవాళ్లు చీకట్లో తడుముకుంటారు. ‘డేటా ముఖ్యం’ అని ముందే చెప్పకపోతే ఎవరో ఒకరు రీసెట్ చేయమంటారు, మీరు చేసేస్తారు.

చాలాచోట్ల కనిపించే ఇంకో పొరపాటు: తమకు తోచిన మందు గురించి అడుగుతారు గానీ జబ్బు చెప్పరు. “డీ డ్రైవ్‌లో 50 జీబీ తీసి సీ డ్రైవ్‌కి ఎలా కలపాలి?” అన్నది మన గ్రూపుల్లో వారానికోసారైనా వచ్చే ప్రశ్న. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులో ఉందని గగ్గోలు. అది అలా ఉండటానికి కారణం ఉంది. ఖాళీ జాగా సీ డ్రైవ్‌కి సరిగ్గా కుడిపక్కనే అంటుకుని ఉంటే తప్ప విండోస్ కలపదు, మధ్యలో చాలాసార్లు రికవరీ పార్టిషన్ అడ్డంగా ఉంటుంది. దాన్ని జరపడానికి ఏదో సాఫ్ట్‌వేర్ తెస్తారు, సగంలో కరెంటు పోతుంది, మొదటికే మోసం. అసలు అడగాల్సింది ‘సీ డ్రైవ్ ఎందుకు నిండింది’ అని. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్ తెరిస్తే ఏది ఎంత తింటోందో కనిపిస్తుంది. పాత విండోస్ తాలూకు విండోస్.ఓల్డ్ ఫోల్డర్, హైబర్నేషన్ ఫైలు, టెంపరరీ ఫైళ్లు, రీసైకిల్ బిన్, వాట్సాప్ డౌన్‌లోడ్లు. వీటితోనే చాలామందికి పని అయిపోతుంది, పార్టిషన్ జోలికి పోనక్కర్లేదు.

ఎర్రర్ సందేశం దగ్గర కూడా ఒక మాట. ప్రశ్న తెలుగులో రాయండి, తప్పకుండా రాయండి. కానీ ఎర్రర్ మాత్రం తెరమీద ఉన్నది ఉన్నట్టే, ఒక్క అక్షరం మారకుండా ఇవ్వండి. ‘ఏదో డ్రైవర్ ప్రాబ్లమ్ అని వస్తోంది’ అంటే వంద రకాలు. కాపీ చేయగలిగితే అక్షరాలుగా పేస్ట్ చేయండి, ఫొటోలో ఉన్న మాటల్ని రేపు ఇంకొకరు వెతికితే దొరకవు. కుదరకపోతే విండోస్ మీట, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి స్క్రీన్‌షాట్ తీయండి. ఫోనుతో అడ్డంగా, ట్యూబ్‌లైట్ మెరుపు పడేలా తీసిన ఫొటో బ్లూ స్క్రీన్‌కి, బయోస్‌కి తప్ప వాడొద్దు. వాయిస్ మెసేజ్‌లో సమస్య చెప్పడం ఇంకా ఘోరం. నాలుగు నిమిషాలు విన్న తర్వాత మోడల్ నంబరు కోసం మళ్లీ మొదటినుంచి వినాలి.

కొందరు కాస్త శ్రమపడి, విండోస్ జరిగినవన్నీ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ దాకా వెళ్తారు. మంచిదే. అక్కడ ఎర్రగా కనిపించిన కెర్నల్-పవర్ 41 పట్టుకుని ‘ఇదే నా సమస్య, పవర్ సప్లై మార్చాలా’ అంటారు. ఆ 41 చెప్పేది ఒక్కటే, కిందటిసారి మిషను పద్ధతిగా ఆగలేదని. కారణం చెప్పదు. దాన్ని తెరిచి డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ కారణం చెప్పే అంకె) చూడండి. సున్నా ఉంటే చాలామటుకు కరెంటు పోవడమో, బిగుసుకుపోతే మీరే బటన్ నొక్కి ఆపడమో అయ్యుంటుంది. 159 లాంటి అంకె ఉంటే అది హెక్స్‌లో 9ఎఫ్, అంటే స్లీప్‌లోకి పోయేటప్పుడో లేచేటప్పుడో ఏదో డ్రైవర్ మొరాయించింది. ఈ ఒక్క అంకె ప్రశ్నలో ఉంటే చర్చ దారిలో పడుతుంది.

వైఫై పనిచేయడం లేదనేవాళ్లు కూడా ల్యాప్‌టాప్ మోడల్ ఒక్కటే చెప్తారు. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల వైఫై కార్డులు రావచ్చు. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. అందులో వెండర్ కోడ్ 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. ఆ వరస మొత్తం కాపీ చేసి పెట్టండి, ఏ డ్రైవర్ కావాలో దాన్నిబట్టే తేలుతుంది.

తెలుగు అక్షరాల గొడవ అయితే మనకి మాత్రమే తెలిసిన గొడవ. “పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి, ఏ ఫాంట్ వేసుకోవాలి?” అని అడుగుతారు. ఫాంట్ వేసుకుంటే పోయేది కాదిది. అడోబ్ రీడర్‌లో ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్స్ తెరిచి అక్కడున్న పేర్లు గ్రూపులో పెట్టండి. ‘అను’ పేరుతో వచ్చే పాత డీటీపీ ఫాంట్లు ఉంటే ఆ పాఠం యూనికోడ్ (అన్ని మిషన్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు, కన్వర్టర్‌తో మార్చుకోవాలి. గౌతమి, నిర్మల, నోటో లాంటి యూనికోడ్ ఫాంటే ఉండి కూడా కాపీ చెడిపోతుంటే పీడీఎఫ్ తయారీలోనే అక్షరాల పట్టిక పోయిందన్నమాట, అప్పుడు బొమ్మలోంచి అక్షరాల్ని చదివే ఓసీఆర్ ఒక్కటే సులువైన దారి. రెండు జబ్బులూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, మందులు వేరు.

సమస్యని కుదించి చెప్పడం ఎంత పని చేస్తుందో చూడాలంటే 2018 ఫిబ్రవరి గుర్తుచేసుకోండి. ఒక్క తెలుగు అక్షరం చూపిస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ‘తెలుగు వల్ల ఐఫోన్ పాడవుతోంది’ అని ఊరుకుంటే అది వార్త మాత్రమే. మనం రోజూ రాసే ‘జ్ఞానం’తో ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని జీరో-విడ్త్ నాన్-జాయినర్, చివర దీర్ఘం: ఈ ఐదూ ఈ వరసలో పడితేనే కూలింది. అలా విడదీసి చూడబట్టే బెంగాలీ, దేవనాగరిలో కూడా అలాంటి కూర్పులు ఉన్నాయని బయటపడింది. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ అదే నెలలో సరిచేసింది. మీ ఎక్సెల్ ఫైలు ఎర్రర్ ఇస్తున్నా పద్ధతి ఇదే. సగం షీట్లు తీసేసి చూడండి, ఇంకా వస్తోందా? మళ్లీ సగం. అసలు ఫైలు జోలికి పోకుండా కాపీ మీద చేయండి.

సాయం చేసేవాళ్లకి కూడా చెప్పాలి. తెలియకపోతే మౌనంగా ఉండటం తప్పు కాదు. ఇప్పుడు కొత్త తెగులు మొదలైంది, ప్రశ్నని చాట్‌బాట్‌లో వేసి వచ్చింది అలాగే ఇక్కడ అతికించడం. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే ఇలాంటి జవాబుల్ని నిషేధించింది. చూడటానికి నిజంలా ఉంటాయి, తప్పెక్కడుందో పట్టుకోవడానికి నిపుణుడికే గంట పడుతుంది. అడిగినవాళ్లకి చాట్‌బాట్ కావాలంటే వాళ్ల ఫోనులోనే ఉంది. వాళ్లు మనిషి కోసం వచ్చారు. మీరు చేసి చూసిన పని అయితేనే చెప్పండి, లేదా ‘ఇది నేను పరీక్షించలేదు’ అని మొదటి వాక్యంలోనే రాయండి.

‘ఇన్‌బాక్స్‌కి రండి’ అనేవాళ్ల విషయంలో జాగ్రత్త. నిజమైన సాయానికి చాటు అవసరం లేదు. నలుగురి ముందు ఇచ్చిన సలహా తప్పయితే ఐదోవాళ్లు ఆపుతారు, ఇన్‌బాక్స్‌లో ఆపేవాళ్లు ఉండరు. ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఎనీడెస్క్ (దూరం నుంచి మీ మిషను నడిపించే యాప్) కోడ్ ఇచ్చి తెర అప్పగించొద్దు. డిస్క్ తాళం తీసే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ, ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన 15 అంకెల ఐఎమ్‌ఈఐ, విండోస్ ప్రొడక్ట్ కీ, వైఫై పాస్‌వర్డ్ స్క్రీన్‌షాట్‌లో కనిపిస్తే నల్లరంగు పూసి పెట్టండి, మసక చేస్తే సరిపోదు. డబ్బు పోయిందంటే గ్రూపులో పోస్ట్ పెట్టడం తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

జవాబు రావడానికి ఒక రోజు ఆగండి. అరగంటకోసారి ‘అప్’ అని కొట్టకండి. ఇంకో గ్రూపులో కూడా అడిగితే ఆ సంగతి రెండుచోట్లా చెప్పండి, ఒకే సమస్య మీద ఇద్దరు మనుషులు విడివిడిగా గంటలు పోసేలా చేయకండి.

సమస్య తీరాక ‘థాంక్స్ అన్నా, సెట్ అయ్యింది’ అని మాయమైపోవడం నాకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగిస్తుంది. ఏం చేస్తే సెట్ అయ్యింది? రేపు ఇదే సమస్యతో వరంగల్‌లోనో, గాజువాకలోనో, డల్లాస్‌లోనో ఒకరు తెలుగులో వెతుక్కుంటూ వస్తారు. వాళ్లకి ప్రశ్న దొరుకుతుంది, జవాబు దొరకదు. రెండు వాక్యాలు చాలు, మీ మొదటి పోస్టులోనే పైన రాయండి: “తీరింది. డెస్క్‌టాప్‌లో సాటా కేబుల్ వదులైంది, కొత్తది మార్చాను. సీ7 అంకె (కేబుల్‌లో డేటా చెడిన సార్ల లెక్క) 312 దగ్గర ఆగిపోయింది, వారం రోజులుగా పెరగలేదు, అది మళ్లీ సున్నాకి రాదట.”