హాట్‌స్పాట్ పాపం ఏ వీధిది? ఏడు పాయింట్ల ఫార్వర్డుకు జవాబు

ఆ కరోనా ఫార్వర్డు మెసేజ్ మళ్లీ వచ్చింది. పైన మూడు ఎర్ర సైరన్లు, కింద ‘డిలీట్ చేసేలోపు చదవండి, పది గ్రూపులకు పంపండి’. 2020 నుంచి దీన్ని ఎవరూ డిలీట్ చెయ్యలేదు, చెయ్యరు కూడా. ఈసారి పంపినవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఓపిక తెచ్చుకుని జవాబు రాయాల్సి వస్తోంది.

మెసేజ్ చూడనివాళ్ల కోసం దాని సారం: కరోనా నిజంగా మనిషి నుంచి మనిషికి సోకేదే అయితే అన్నిచోట్లా సమానంగా రావాలి, కొన్ని చోట్లే కేసులు గుట్టలు పడ్డాయంటే ఆ చోట్లలోనే ఏదో ఉంది. ఆ ‘ఏదో’ ఏమిటన్నదానికి ఏడు కారణాలు. ఒకటి 5జీ టవర్లు. రెండు, టెస్టులు ఎక్కువ చేయడం. మూడు, పక్క వీధికి రాలేదు కాబట్టి అంటువ్యాధే కాదనడం. నాలుగు ఏసీలు. అయిదు, రోడ్ల మీద బ్లీచింగ్ చల్లకపోవడం. ఆరు అమావాస్య. ఏడు, ‘ఆ ఏరియా జనం’.

అమావాస్యతో మొదలుపెట్టి త్వరగా వదిలించుకుందాం. భూమ్మీద అందరికీ ఒకేసారి వచ్చే అమావాస్య ఒక్క వీధినే ఎంచుకుని ఎలా పట్టుకుందో రాసినవారే చెప్పాలి. అన్నిచోట్లా ఉండేది కొన్నిచోట్లే జరిగినదానికి కారణం కాలేదు.

టవర్లున్న చోటే కేసులున్నాయట. ఉంటాయి మరి, టవర్లు జనం ఉన్న చోటే కడతారు. అదే మ్యాపు మీద ఏటీఎంలు, మంగలి షాపులు, మందుల షాపులు గుర్తుపెట్టినా అంతే చక్కగా అతుకుతాయి. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టాలంటే కనీసం గుండయినా ఉండాలి కదా: భారత్‌లో రోజువారీ కేసులు 4 లక్షలు దాటింది 2021 మేలో, 5జీ సేవలు మొదలైంది 2022 అక్టోబరు 1న. ఇక రేడియో తరంగాలే భయమైతే, 3.5 గిగాహెర్ట్జ్ 5జీ కంటే గదిలో బల్బు వెలుగు ఫ్రీక్వెన్సీ లక్ష రెట్లకు పైమాటే. ముందు బల్బును అరెస్టు చేయించండి.

బ్లీచింగ్ సంగతి. రోడ్ల మీద, వీధుల్లో చల్లొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. మట్టి, చెత్త తగలగానే క్లోరిన్ శక్తి పోతుంది. ద్రావణం తడిగా నిలవాల్సినంతసేపు ఎండలో తారు మీద నిలవదు. మనుషుల మీద చల్లితే కళ్లు మండుతాయి, ఊపిరి ఆడదు, సోకినవాడి గొంతులో వైరస్ మాత్రం అలాగే ఉంటుంది. పదిమందీ పట్టుకునే తలుపు గొళ్లాలకు, కొళాయి పిడులకు అయితే 0.1 శాతం ద్రావణం సరిపోతుంది. అంటే 5 శాతం లిక్విడ్ బ్లీచ్ 1 వంతు, నీళ్లు 49 వంతులు. ముందు సబ్బుతో తుడిచి ఆ తర్వాత పూయాలి. మురికి మీద పూస్తే డబ్బు దండగ.

టెస్టుల పాయింటులో సగం నిజముంది. వెతికితేనే దొరుకుతాయి. కాబట్టి కేసుల సంఖ్య ఒక్కటే చూసి హాట్‌స్పాట్ అనకూడదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ తేడా కనిపెట్టడానికి డిటెక్టివ్ అక్కర్లేదు, భాగహారం వస్తే చాలు. ఒక వార్డులో పోయిన వారం 1,000 టెస్టులకు 50 పాజిటివ్ అనుకోండి, 5 శాతం. ఈ వారం 4,000 చేశారు. 200 వస్తే అదే 5 శాతం, పెరిగింది టెస్టులే. 120 వస్తే 3 శాతం, కేసుల అంకె రెట్టింపు దాటినా వ్యాప్తి తగ్గుతున్నట్టే. 800 వస్తే 20 శాతం, అప్పుడు ఆ టెస్టులు కూడా చాలడం లేదని అర్థం. ఇంకా అనుమానముంటే ఆసుపత్రిలో చేరికలు చూడండి. టెస్టు చేసినంత మాత్రాన ఎవరికీ ఆక్సిజన్ పడిపోదు.

అసలు మెసేజ్ రాసినవారికి ఇంతకంటే మంచి పాయింటు ఉంది, వాడుకోలేదు. 400 మంది ఉన్న పల్లెలో ఒకే ఇంట్లో 4 కేసులొస్తే లక్షకు 1,000 చొప్పున లెక్క. 10 లక్షల నగరంలో 5,000 కేసులొస్తే లక్షకు 500. మ్యాపు మీద పల్లె నెత్తురు రంగులో, నగరం నారింజ రంగులో కనిపిస్తాయి. ఇలాంటి ఉత్తుత్తి హాట్‌స్పాట్లు చాలానే వచ్చాయి. రంగు చూసి గాభరా పడేముందు కింద జనాభా ఎంతో చూడాలి.

ఇక మూడో పాయింటు. ‘మా వీధిలో 40 కేసులు, ఎదురు వీధిలో సున్నా, ఇదేం అంటువ్యాధి?’ చాలామందికి తెలివైన ప్రశ్నలా కనిపిస్తుంది. ఈ రోగం నేల మీద చెదలా పాకుతుందనుకుంటే తెలివైనదే. ఒక్కొక్కరూ సగటున ఇద్దరు ముగ్గురికి అంటిస్తారన్న మాట పత్రికల్లో తెగ తిరిగింది, అందులో ‘సగటున’ అన్న పదాన్ని అందరూ మింగేశారు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో 84,965 మంది రోగులను, వాళ్లను కలిసిన 5,75,071 మందిని గమనించి 2020 సెప్టెంబరులో ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, రోగుల్లో దాదాపు 70 శాతం మంది తమ కాంటాక్టుల్లో ఒక్కరికీ అంటించలేదు. కొత్త ఇన్‌ఫెక్షన్లలో దాదాపు 60 శాతం కేవలం 8 శాతం మంది నుంచి వచ్చినవే. అంటే పది వీధుల్లోకి పదిమంది రోగులు వస్తే, ఏడు వీధుల్లో నిప్పు దానంతటదే ఆరిపోతుంది. ఎనిమిదో వీధిలో ఆ ఒక్క మనిషి, గొంతులో వైరస్ బాగా ఉన్న రెండు రోజుల్లోనే, మూసిన హాల్లో రెండు గంటలు గొంతెత్తి మాట్లాడతాడు. అదే హాట్‌స్పాట్.

2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బృందగాన సాధనకు 61 మంది వచ్చారు. రెండున్నర గంటలు పాడారు. అందులో ఒకరికి అప్పటికే లక్షణాలున్నాయి. నిర్ధారణ అయినవి, అనుమానితమైనవి కలిపి 53 మందికి జబ్బు, ఇద్దరు చనిపోయారు. ఆ సాయంత్రం ఆ మనిషి ఇంట్లో పడుకుని ఉంటే ఆ ఊరి లెక్క వేరే. కాబట్టి అయ్యా, గుట్టలు గుట్టలుగా రావడమే ఈ రోగం తీరు. అన్ని వీధుల్లోనూ కొలిచినట్టు సమానంగా వచ్చి ఉంటే అప్పుడు అనుమానపడాల్సింది.

నాలుగోది ఏసీ. కొట్టిపారేస్తానని చూస్తున్నారేమో, లేదు. ఏసీ వైరస్‌ను పుట్టించదు, కానీ ఈ పాయింటు రాసినవారు గురి చూడకుండానే లక్ష్యం దగ్గరగా కొట్టారు. 2020 జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌలో కిటికీల్లేని రెస్టారెంట్ అంతస్తులో పక్కపక్క మూడు టేబుళ్ల వద్ద కూర్చున్న మూడు కుటుంబాల్లో మొత్తం 10 మంది జబ్బుపడ్డారు. అదే అంతస్తులో భోంచేసిన మిగతా 73 మందికి రాలేదు. ఆ మూడు టేబుళ్లూ ఒకే ఏసీ గాలి సుడిలో ఉన్నాయి. ఎగ్జాస్ట్‌లు మూసేసి ఉన్నాయి. తర్వాత కొలిస్తే బయటి గాలి మనిషికి సెకనుకు లీటరు చొప్పున మాత్రమే వస్తోందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరేది 10 లీటర్లు.

గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలి చుక్కైనా తేదు, ఉన్న గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది. చల్లగా ఉంది కదా అని గాలి ఆడుతోందనుకోవడంలోనే ఉంది తప్పంతా. 5 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు గది అంటే 60 ఘనపు మీటర్లు. గంటకు 360 ఘనపు మీటర్లు లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే గంటకు 6 సార్లు గాలి మారుతుంది, గాలిలో తేలే కణాల్లో 99 శాతం పోవడానికి 46 నిమిషాలు. రెండుసార్లే మారితే 138 నిమిషాలు. జనం వదిలిన ఊపిరి గదిలో ఎంత పేరుకుందో చెప్పే కార్బన్ డయాక్సైడ్ మీటరు దొరికితే ఇంకా సులువు: బయట 420 పీపీఎం (గాలి పది లక్షల వంతుల్లో 420) దరిదాపుల్లో ఉంటుంది, లోపల జనం ఉండగా 800 లోపుంటే ఫర్వాలేదు, 1,500 దాటితే కిటికీలు తెరవండి. ఫ్యాన్ పక్కనే ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే ఉపయోగం లేదు, ఆ కిటికీలోంచి వచ్చిన గాలి అటునుంచి అటే పోతుంది. ఎదురు గోడ వైపు తెరవాలి. అన్నీ మూసి ఫ్యాన్ వేస్తే ఇంకా అన్యాయం, గాలి ఎక్కడో చోట నుంచి రావాలి కాబట్టి బాత్రూమ్ గొట్టాల్లోంచి లాక్కుంటుంది.

ఆ చివరి మాట ఊహ కాదు. 2003లో కరోనా కుటుంబానికే చెందిన సార్స్ జబ్బు వచ్చినప్పుడు హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో ఏప్రిల్ మధ్యకల్లా 321 కేసులు, అందులో 41 శాతం ఒక్క ‘ఇ’ బ్లాకులోనే. సోకిన మనిషి మార్చి 14న, 19న ఒక ఫ్లాట్‌కు వచ్చి, విరేచనాలతో టాయిలెట్ వాడాడు. బాత్రూమ్ నేల మీద జాలీ కింద వంపు గొట్టం ఉంటుంది, ప్లంబర్లు ట్రాప్ అంటారు. అందులో నిలిచే నీళ్లే కింది గొట్టంలోని గాలిని పైకి రానివ్వవు. అక్కడివాళ్లు నేల కడగకుండా తుడిచేవాళ్లు, ట్రాపులు ఎండిపోయాయి. తలుపు మూసి ఎగ్జాస్ట్ వేయగానే మురుగు గొట్టంలోని తుంపర్లు జాలీలోంచి పైకొచ్చాయని దర్యాప్తు తేల్చింది. అప్పటి నుంచి అక్కడి అధికారుల సలహా ఒకటే: వాడినా వాడకపోయినా వారానికోసారి ప్రతి జాలీలో అర లీటరు నీళ్లు పోయండి. కాబట్టి ‘ఆ చోట్లోనే ఏదో ఉంది’ అన్న మీ మాట ఒక్కోసారి నిజమే. ఆ ఏదో గొట్టం కావచ్చు, కిటికీ లేని గది కావచ్చు.

జనం మాత్రం కాదు. ఏడో పాయింటు ఇదే, మిగతా ఆరూ దీనికి తోరణాలు. ‘ఆ ఏరియావాళ్ల అలవాట్లే అంత, వాళ్లను రానివ్వకండి, వాళ్ల దగ్గర ఏమీ కొనకండి’ అని రాశారు.

మ్యాపు మీద చుక్క పెట్టేది రోగి ఇంటి చిరునామా దగ్గర, రోగం అంటిన చోట కాదు. 2020 జూన్‌లో జర్మనీలోని గూటర్స్‌లో ప్రాంతంలో మాంసం కోసే కర్మాగారంలో వెయ్యికి పైగా కార్మికులకు సోకింది. 10 డిగ్రీల చలి, తిరిగిన గాలే తిరిగే హాలు, పక్కపక్కన నిలబడి ఒళ్లు వంచి చేసే పని. మేలో మొదట అంటుకున్నప్పుడు ఒకే మనిషి నుంచి 8 మీటర్ల దూరం దాకా సోకిందని పరిశోధకులు తేల్చారు. చుక్కలు మాత్రం వాళ్లు అద్దెకున్న ఇళ్ల మీద పడ్డాయి. సింగపూర్‌లో 2020 ఆఖరుకు 58 వేలకు పైగా కేసుల్లో 54 వేలకు పైగా వలస కార్మికుల డార్మిటరీల్లోవే. ఒక్కో గదిలో పదిపన్నెండు మంది, అంతకు మించి కూడా. దాన్ని ‘అలవాటు’ అంటారా? ఎవరి అలవాటు, పడుకున్నవాడిదా, గది కట్టినవాడిదా? ఇక డైమండ్ ప్రిన్సెస్ విలాస నౌకలో 3,711 మందిలో 700 మందికి పైగా సోకింది. వాళ్ల అలవాట్ల మీద ఎవరూ ఫార్వర్డు రాయలేదేం?

పైగా ఆ చుక్క పాతది. 2020 నాటి వైరస్‌తో అంటినప్పటి నుంచి లక్షణాలకు అయిదారు రోజులు, టెస్టుకు వెళ్లడానికి ఒకటి రెండు, ఫలితానికి ఇంకొకటి. మీరు ఇవాళ చూసి వేలెత్తి చూపేది వారం పది రోజుల కిందటి సంగతి. వేలెత్తితే ఏమవుతుందో కూడా వినండి. జ్వరం వచ్చినవాడు టెస్టుకు రాడు, వస్తే తప్పు చిరునామా ఇస్తాడు, ఎవరెవరిని కలిశావంటే ఇంట్లో ఇద్దరి పేర్లే చెబుతాడు. అసలు అంటిన హాలు, బస్సు, గోదాము తెరిచే ఉంటాయి. పక్క ఏరియాలో చుక్కలు మొదలవుతాయి. అప్పుడు అక్కడివాళ్ల అలవాట్ల మీద కొత్త మెసేజ్ రాద్దురుగాని.

నిజంగా కారణం తెలుసుకోవాలంటే రోగిని ‘ఎవరికి అంటించావు’ అని కాదు, ముందు ‘నీకు ఎక్కడ అంటింది’ అని వెనక్కి అడగాలి. జపాన్ మొదటి నుంచీ ఇలాగే చేసింది. లక్షణాలు రాకముందు 14 రోజుల్లో మూసిన గదిలో నలుగురితో ఎక్కడెక్కడ గడిపాడో రాసుకుని, పదిమంది రోగుల జాబితాలు పక్కపక్కన పెట్టాలి. ఒకే చోటు నాలుగైదు జాబితాల్లో కనబడితే, అక్కడికి వెళ్లినవాళ్లనూ వెళ్లనివాళ్లనూ లెక్కేయాలి. వెళ్లిన 40 మందిలో 24 మందికి వచ్చి (60 శాతం), అదే వీధిలో వెళ్లని 60 మందిలో ముగ్గురికే (5 శాతం) వస్తే, పన్నెండు రెట్ల తేడా. దోషి వీధి కాదు, ఆ చోటు. జబ్బుపడ్డవాళ్లను మాత్రమే అడిగితే ఈ లెక్క తేలదు, అందరూ చేసే పొరపాటు అదే.

చివర్లో మెసేజ్, కలరా నీళ్ల ద్వారా వస్తుందని చూపిన ఇంగ్లండు డాక్టరు జాన్ స్నోను కూడా సాక్ష్యానికి పిలిచింది: 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో పంపు పిడి పీకేస్తే కలరా ఆగింది కదా, అలాగే ఆ ఏరియాను మూసేయాలట. సెప్టెంబరు 8న పిడి తీసేసరికే కలరా తగ్గుముఖం పట్టింది, ఆ సంగతి స్నోనే రాశాడు. ఆ పేటవాళ్ల మురికి మీద, దుర్గంధం మీద నెపం పెట్టింది ఆయన ప్రత్యర్థులు. ఆయన చూసింది ఎవరు ఏ నీళ్లు తాగారన్నది. అదే పేటలో సొంత బావి ఉన్న వర్క్‌హౌస్‌లో (పేదలకు పని చెప్పి ఆశ్రయమిచ్చే చోటు) 535 మందికి గాను చనిపోయింది అయిదుగురే. మైళ్ల దూరంలో హ్యాంప్‌స్టెడ్‌లో, కలరా జాడే లేని చోట, ఒక వితంతువు చనిపోయింది. బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల రుచి ఇష్టమని ఆమె రోజూ బండి మీద తెప్పించుకునేది. ఫార్వర్డులో ఈమె లేదు.