వీడ్కోలు పాటకు తలంబ్రాలు

మొన్న కొంపల్లి దగ్గర ఓ ఫంక్షన్ హాల్లో రిసెప్షనుకి వెళ్ళాను. కొత్త దంపతులు సింహాసనాల్లో సర్దుకుని కూర్చోగానే ఆర్కెస్ట్రా అమ్మాయి విట్నీ హ్యూస్టన్ పాడిన ఇంగ్లీషు పాట ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ అందుకుంది. నేనిక్కడే ఉంటే నీకు అడ్డం, అందుకే వెళ్ళిపోతున్నా అనే పాట అది. తలంబ్రాల వేళ విడాకుల నోటీసు చదివినట్టుంది నాకు. పెళ్ళికూతురి తండ్రి మాత్రం ఆనందబాష్పాలు తుడుచుకుంటున్నారు.

పక్క కుర్చీలో మా బావమరిది, ఫోనులో స్టాప్‌వాచ్ తీసి సిద్ధంగా ఉన్నాడు. డ్రమ్ము ‘ధన్’ మంది. అమ్మాయి “ఐ...” అంది. వీడు మీట నొక్కాడు. ఆమె సాగదీస్తోంది, వీడు ఊపిరి బిగబట్టాడు. పన్నీర్ టిక్కా పళ్ళెంతో వచ్చిన కుర్రాడు, స్వరం దిగాక వడ్డిద్దామని భక్తిగా నిలబడ్డాడు. స్వరం దిగలేదు, టిక్కా చల్లారింది. ముందు వరసలో ఓ పెద్దాయన హియరింగ్ ఎయిడ్ తీసి జేబులో వేసుకున్నారు.

“తొమ్మిది సెకన్లు బావా! విట్నీని కొట్టేసింది!”

తొమ్మిది సెకన్లూ ఆ అమ్మాయి అన్నది ఒకే మాట: ‘నేను’. ఎదుటివాడి మేలు కోరి తప్పుకునే పాటలో ఇంత పొడుగు ‘నేను’!

కవర్ వెర్షన్లను, అంటే ఒకరి పాటను ఇంకొకరు పాడినవాటిని, తూచే శాస్త్రం ఇప్పుడు ఇక్కడికి చేరింది. రాగం, భావం పాత కొలతలు. ఎన్ని సెకన్లు, ఎంత ఎత్తు, ఎవరి మెడ నరాలు ఎక్కువ ఉబ్బాయి, ఇవే కొత్తవి.

ఈ పాట రాసింది అమెరికన్ కంట్రీ గాయని డాలీ పార్టన్. 1967లో గాయకుడు పోర్టర్ వాగనర్ టీవీ షోలో చేరింది. ఏళ్ళు గడిచాక సొంత దారి చూసుకుంటానంటే ఆయన వినలేదు. వాదించి లాభం లేదని 1973లో పాట కట్టి ఆయన ముందే పాడింది. ఆయన ఏడ్చాడు. ఆ రికార్డు మూడు నిమిషాలు కూడా ఉండదు. చివరి చరణం ఆమె పాడదు, ఊరికే మాట్లాడుతుంది. గొంతు పూడుకుపోయిన మనిషి అంతకన్నా ఏం చేస్తుంది? నువ్వు చల్లగా ఉండాలి, కోరుకున్నవన్నీ దక్కాలి అనే దీవెన అది.

1975లో ఇంకో గాయని లిండా రాన్‌స్టాట్ ఆ చరణం లేకుండా పాడింది. 1992లో ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ పాడబోయేటప్పుడు నిర్మాత డేవిడ్ ఫాస్టర్ దగ్గరున్నదీ ఆ పొట్టి పాటే. డాలీ చెబితే గానీ చరణం తిరిగి రాలేదు. విట్నీని నేనేమీ అనను. మొదటి ముప్పావు నిమిషం వాయిద్యమే లేకుండా, పక్కగదిలో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు పాడిందావిడ. మన స్టాప్‌వాచీలు ఆ భాగంలో ఆన్ కావు.

డాలీ పేరెత్తితే మా బావమరిది, “ఆవిడ కూడా కవర్ చేసిందా?” అన్నాడు. చూడండి, ఇక్కడ నాకు నవ్వు రాదు. రాక్ అండ్ రోల్ రారాజు ఎల్విస్ ప్రెస్లీ ఈ పాట పాడతానంటే, పబ్లిషింగ్ హక్కుల్లో సగం రాసిమ్మన్నాడు అతని మేనేజరు కల్నల్ పార్కర్. అంత ఎల్విస్‌నీ వదులుకుంది గానీ పాటను వదల్లేదావిడ! మన దగ్గర ఆ బేరం కూడా ఉండదు. యూట్యూబ్‌లో తెలుగు పాటల కవర్లు చూడండి. గిటారెవరిదో ఉంటుంది, డ్రోన్ ఎవరు ఎగరేశారో ఉంటుంది, జుట్టు దువ్విందెవరో ఉంటుంది. రాసినవాడి పేరు ఉండదు! సిగ్గులేదా? ఆ మనిషి మాట రాయకపోతే ఏ అక్షరం పట్టుకుని సాగదీస్తావు?

సరే. స్టేజి దిగిన అమ్మాయిని అడిగాను, ఆ దీవెన చరణం ఎందుకు వదిలేశావమ్మా అని. పాట మొత్తంలో పెళ్ళికి పనికొచ్చే చరణం అదొక్కటే మరి.

“దాంట్లో హై నోట్ లేదంకుల్.”