సంగటి ఏ ట్యాగు కిందికి వస్తుంది?

బైరాగిపట్టెడలో మా వీధి చివర ఉండే ఒక సాఫ్ట్‌వేర్ యువకుడు, బెంగళూరు కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తూ, మిగిలిన సమయమంతా వెచ్చించి, తాను ఇంటర్నెట్‌లో చూసిన లింకులను దాచుకోవడానికీ పదిమందికీ పంచడానికీ సొంతంగా ఒక వ్యవస్థను నిర్మిస్తున్నాడన్న శుభవార్తను తిరుపతి ప్రజలకు సవినయంగా తెలియజేస్తున్నాను. ఇలాంటివాడు మీ వీధిలోనూ ఒకడు ఉండే ఉంటాడు కనుక వర్ణన అనవసరం.

ఆయన వాదనలో పస లేదని అనలేము. లింకులు దాచుకునే సైటుగా 2003లో పుట్టిన డెలీషియస్‌ను 2005లో యాహూ కొన్నది. తరువాత అది చేతులు మారి మారి 2017లో అలాంటిదే అయిన పిన్‌బోర్డు అనే సైటు వశమై, కొత్త లింకులు చేర్చే వీలు లేకుండా నిలిచిపోయింది. నచ్చిన సైట్లలో కొత్తగా వచ్చినవన్నీ ఒకేచోట చూపే గూగుల్ రీడర్ 2013లో మూతపడింది. తీరికగా చదువుకోవడానికి వ్యాసాలు దాచుకునే పాకెట్‌ను, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా 2017లో కొని 2025 జులైలో మూసేసింది. పరాయి పంచన దాచినది ఎప్పటికైనా వీధిన పడుతుంది కాబట్టి సొంత సర్వరే శరణ్యమని ఆయన తీర్మానించాడు. అంతవరకు బాగానే ఉన్నాడు. ఆ తరువాత డిజైన్ మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఒక్కొక్క లింకుకు శీర్షిక, చిరునామా, తేదీ, భాష, బొమ్మ, రంగు, నక్షత్రాలు, ఏ విషయానికి చెందిందో చెప్పే ట్యాగులు, వాటికింద ఉపట్యాగులు నమోదవుతాయి. దాన్ని ఎందుకు దాచుకున్నాడో ఒక్క ముక్క రాసుకునే గడి మాత్రం లేదు. అడిగితే, "అది పెడితే చూడ్డానికి బాగుండదు నా" అన్నాడు.

ఉపట్యాగుల నిర్ణయం లీలామహల్ సర్కిల్ దగ్గరి టీ అంగట్లో జరుగుతుంది. మొన్న రాగి సంగటి మీద ఒక వ్యాసం లింకు చర్చకు వచ్చింది. అది 'ఆహారం' అని యువకుడు ప్రతిపాదించాడు. చక్కెర వ్యాధి ఉన్న విశ్రాంత ఉద్యోగి ఒకరు అది 'వైద్యం' కాకపోతే తాను రోజూ ఎందుకు మింగుతున్నట్టని నిలదీశారు. మరొకరు సంగటి మన సీమ 'సంస్కృతి' అని బల్ల గుద్దడంతో రెండు గ్లాసుల టీ ఒలికింది. అంతలో అంగడి యజమాని, ఆ సంగటిలోకి నంజుకోవడానికి నాటుకోడి పులుసుందా, ఊరుబిండి ఉందా అన్న మౌలికమైన ప్రశ్న లేవదీశాడు. కోడి ఉంటే 'మాంసాహారం' అనే ఉపట్యాగు తెరవాలి. తెరిస్తే శనివారాలు ఆ ఉపట్యాగు కనబడకుండా ఏర్పాటు చేయాలి. అందుకు సర్వరుకు పంచాంగం నేర్పాలి. యువకుడు ఇదంతా తన్మయంగా రాసుకున్నాడు. వ్యాసంలో కోడి ఉందో లేదో ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాన్ని ఎవరూ చదవలేదు. నేను ఫోనులో లింకు నొక్కి చూశాను. ఆ పేజీ ఇప్పుడు లేదని వచ్చింది. చిరునామా దాచుకోవడం వేరనీ, పేజీ దాచుకోవడం వేరనీ, 1996 నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్ వారు చేస్తున్నది ఆ రెండో పనేననీ చెప్పబోయాను. సంగటి ఓటింగుకు వచ్చినందున నా మాట ఎవరికీ వినబడలేదు.

ఎంత ఎగతాళి చేసినా ఆయన చలించడు. అన్నమయ్య పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోని అరలో భద్రపరచబట్టే కదా 1922లో అవి బయటపడి మనకు దక్కాయని అంటాడు. నిజమే. అయితే తాళ్లపాక వారి ఇంట ముందు పాట పుట్టింది, తరువాత రేకు వచ్చింది. ఈయన రేకుల అంచుల నగిషీ దగ్గరే ఆగిపోయాడు.

ఇక పంచడం సంగతి. ఆయన దాచిన ప్రతి లింకూ మరుక్షణమే బంధువుల వాట్సాప్ గ్రూపులోకి దానంతటదే వెళ్లిపోతుంది. మనిషి చదివి పంపడం పాత పద్ధతట. ఆ పద్ధతి పాతదైనందువల్లనే, వెతుకులాటలో పైన ప్రకటనగా కనబడ్డ ఒక నకిలీ దర్శనం సైటు లింకు కూడా వెళ్లింది. పుంగనూరులో ఉన్న మేనత్త, మేనల్లుడు పంపాడు కదా అని నమ్మి, తనకూ భర్తకూ 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లకు డబ్బు కట్టి, ఆధార్ నంబర్లు ఇచ్చి, కాగితాలు అచ్చు తీయించుకుని కొండెక్కింది. క్యూ దగ్గర స్కాన్ చేసి వెనక్కి పంపారు.

దేవస్థానం బుకింగు సైటు పేరు 2024 జనవరిలో మారింది. పాత లింకు పనిచేయక వెతుక్కునే ముసలివాళ్ల కోసమే ఈ దొంగలు కాచుకుని కూర్చుంటారు. చిరునామా చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ ఉందా లేదా అని చూడడానికి రెండు క్షణాలు చాలు. రంగులకూ నక్షత్రాలకూ నెలల తరబడి సమయం ఉన్నవాడికి ఆ రెండు క్షణాలు దొరకలేదా? చదవనిదాన్ని మేనత్త చేతిలో పెట్టడానికి సిగ్గుండొద్దా? ఆమె ఆ లింకును నమ్మలేదయ్యా, నిన్ను నమ్మింది!

లింకు బయటికి వెళ్లేముందు 'చదివాను, చిరునామా సరిచూశాను' అని మనిషి తన చేత్తో టిక్కు పెట్టే గడి ఒకటి చేర్చమని ఆయనకు గట్టిగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. నా మాటను అక్కడికక్కడే తన వ్యవస్థలో నమోదు చేసుకున్నాడు. అది 'సూచనలు' కిందికి వస్తుందా, 'ఫిర్యాదులు' కిందికి వస్తుందా అన్నది రేపు టీ అంగట్లో తేలుస్తారట.