ఫోన్ పెట్టె మీద ధర ఉంది, గడువు ఏది?

అనంతపురం సుభాష్ రోడ్డులోని ఏ సెల్ షాపుకు వెళ్లి పదిహేను వేల లోపు ఫోన్ చూపించమన్నా, కౌంటరులోని కుర్రవాడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్సో, ర్యామ్ ఎంతో, చార్జింగ్ ఎన్ని వాట్లో తడుముకోకుండా చెబుతాడు. ఈ ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు (సాఫ్ట్‌వేర్‌లో బయటపడే భద్రతా లోపాలను సరిదిద్దే మార్పులు) ఏ సంవత్సరం దాకా వస్తాయని అడిగితే మాత్రం అతని దగ్గర జవాబు ఉండదు. అతన్ని తప్పుపట్టలేం. పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూసినా ఆ ముక్క ఎక్కడా కనిపించదు. మందుల షాపులో పది రూపాయల మాత్రల షీటు మీద ఉండే గడువు తేదీ, ఒక కుటుంబం నెల సంపాదన పోసి కొనే వస్తువు మీద లేదు.

ఈ లోటు బెంగళూరులో కంటే అనంతపురం జిల్లాలో ఎక్కువ నష్టం చేస్తుంది. ఇక్కడ ఫోన్ ఒక చేతిలోనే ముసలిదైపోదు. కొడుకు రెండు మూడేళ్లు వాడి, ఉద్యోగం రాగానే కొత్తది తీసుకుంటే, పాతది నాయనకు వస్తుంది. నాయన దగ్గరి నుంచి నార్పలలోనో ఉరవకొండలోనో ఉన్న అవ్వ దగ్గరికి చేరుతుంది. మొదటి యజమాని వాడేటప్పుడే అప్‌డేట్లు ఆగిపోయే ఫోన్లు కొల్లలు. అంటే మోసాలను పసిగట్టే అనుభవం తక్కువగా ఉన్న పెద్దవాళ్ల చేతికి, లోపాలు సరిదిద్దడం మానేసిన పరికరం చేరుతోంది. పింఛను డబ్బు, శెనక్కాయలు అమ్మిన డబ్బు ఉన్న బ్యాంకు ఖాతా అదే ఫోన్‌లో యూపీఐకి ముడిపడి ఉంటుంది.

వస్తువు చెడిపోతే మనకు భయం లేదు. రిపేరు షాపులో కూర్చున్న మనిషి వెనక ప్యానెల్ అంచుకు వేడిగాలి పట్టించి, పలచటి ప్లాస్టిక్ ముక్కతో జిగురు విడదీసి, ఉబ్బిపోయిన బ్యాటరీని పెకలించి కొత్తది కూర్చోబెడతాడు. డిస్‌ప్లే కాంబో మారుస్తాడు, అరిగిపోయిన చార్జింగ్ పిన్‌ను టంకం వేసి నిలబెడతాడు. అదే మనిషి సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తాడు. ఫ్లాష్ చేస్తే (సాఫ్ట్‌వేర్‌ను తుడిచి మళ్లీ ఎక్కిస్తే) వచ్చేది కంపెనీ చివరిసారి ఇచ్చిన ఆ పాత వెర్షనే. లాక్ తెరిచి బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే, ఆ ఫోన్‌ను నమ్మలేమంటూ చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. పనితనం ఎంత ఉన్నా దాటలేని గోడ అది, దాన్ని కట్టింది కంపెనీ.

ఇది సాంకేతికంగా తప్పనిసరి అన్న వాదన నిలబడదు. ఆండ్రాయిడ్‌లో బయటపడిన లోపాలకు గూగుల్ నెలనెలా మందు తయారుచేస్తుంది. అది మన ఫోన్‌దాకా రావాలంటే చిప్ తయారీదారు తన భాగాన్ని సవరించి ఇవ్వాలి, ఆ తర్వాత ఫోన్ కంపెనీ ఒక్కో మోడల్‌కు దాన్ని అమర్చి పరీక్షించాలి. దీనికి ఖర్చవుతుంది, అమ్మేసిన ఫోన్ మీద మళ్లీ రాబడి ఉండదు, కాబట్టి ఎక్కడో ఒకచోట ఆపేస్తారు. ఆపడం లెక్కల పుస్తకం చూసి తీసుకునే నిర్ణయం. తలచుకుంటే పొడిగించవచ్చని కంపెనీలే నిరూపించాయి. 2023 అక్టోబరులో పిక్సెల్ 8కు గూగుల్, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ ఏడేళ్ల హామీ ఇచ్చాయి. అవి ఖరీదైన ఫోన్లు కదా అనవచ్చు, కానీ 2024లోనే వచ్చిన గెలాక్సీ ఏ16 ఇరవై వేల లోపు మొదలై ఆరేళ్ల అప్‌డేట్ల హామీతో అమ్ముడైంది.

హామీ ఉన్నచోట కూడా ఒక చిక్కు ఉంది. ఆ ఏళ్లను చాలావరకు మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్కిస్తారు, మనం కొన్న రోజు నుంచి కాదు. మూడేళ్ల హామీతో వచ్చిన మోడల్ రెండేళ్ల తర్వాత దసరా ఆఫర్లో మూడు వేలు తగ్గింపుకు దొరికితే, కొన్నవాడికి మిగిలేది ఒక్క ఏడాది. తగ్గించిన మూడు వేలు కళ్ల ముందు కనిపిస్తాయి, పోయిన రెండేళ్లు కనిపించవు. ఐరోపా యూనియన్ ఈ కిటుకును సరిగ్గా పట్టుకుంది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమలవుతున్న నిబంధన ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ముగిసిన నాటి నుంచి కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు అందాలి.

కంప్యూటర్ల కథా ఇదే. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఏడాది పొడిగింపు పథకం ఒకటి ఉన్నా, విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి కాబట్టి, డీటీపీ సెంటర్లలో, కాలేజీ ల్యాబుల్లో నిక్షేపంగా పనిచేస్తున్న యంత్రాలు ఎన్నో అధికారికంగా ముందుకు పోలేవు.

కంపెనీలన్నీ ఏడేళ్లు ఇవ్వాల్సిందేనని చట్టం చేస్తే చవక ఫోన్ల ధర పెరుగుతుందన్న అభ్యంతరంలో బలం ఉంది, దాన్ని కొట్టిపారేయను. అందుకే ముందుగా అడుగుతున్నది ఏళ్లు పెంచమని కాదు, ఎన్నేళ్లో చెప్పమని. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, నెట్‌కు కలిసే వస్తువులు తయారుచేసేవాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో ప్రకటించి తీరాలి. మన దగ్గరా ఇందుకు కొత్త వ్యవస్థ అక్కర్లేదు. ప్యాకేజీ సరుకులపై 2011 నాటి తూనికలు కొలతల నిబంధనల వల్లనే పెట్టె మీద గరిష్ఠ ధర, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదు చేయాల్సిన చిరునామా ఉంటున్నాయి. మరొక్క వరుస చేర్చాలి: ‘సెక్యూరిటీ అప్‌డేట్లు ఫలానా నెల, ఫలానా సంవత్సరం వరకు’.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమించిన కమిటీ 2025 మేలో మరమ్మతు సూచీపై, అంటే ఒక వస్తువును బాగుచేయడం ఎంత తేలికో చెప్పే మార్కుపై, నివేదిక ఇచ్చింది. విడిభాగాల లభ్యత, విప్పడంలో తేలిక, పనిముట్లతో పాటు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను కూడా అందులో కొలబద్దగా చేర్చారు. మంచి అడుగే. అయితే అన్నీ కలిపి ఒక్క మార్కుగా ఇస్తే, స్క్రూలు సులభంగా వచ్చే ఫోన్ అప్‌డేట్లలో వెనకబడినా మంచి మార్కు తెచ్చుకోగలదు. ఆ మార్కును క్యూఆర్ కోడ్ వెనక దాచితే, మొదటి స్మార్ట్ ఫోన్ కొనడానికి వచ్చిన మనిషికి దానితో ఏం ప్రయోజనం? తేదీ తేదీగానే, కంటికి కనిపించే అంకెల్లో ఉండాలి.

ప్రభుత్వానికి ఇందులో బయటివాడి పాత్ర లేదు. 2025 జనవరి 30న రాష్ట్రంలో ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ ద్వారా పౌర సేవలు మొదలయ్యాయి. అదే నెల ఒకటో తేదీ నుంచి ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లకు వాట్సాప్ ఆగిపోయింది. ఆ ఫోన్లు ఇప్పుడు కొద్దివే కావచ్చు, కానీ వరుసలో తర్వాతి వెర్షన్లు నిలబడే ఉన్నాయి. అంగన్‌వాడీ కార్యకర్త బరువులు, ఎత్తులు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ కూడా ఫోన్ మీదే నడుస్తుంది, ఇచ్చిన ఫోన్లు పాతబడి యాప్ మొరాయిస్తోందని వాళ్లు మొరపెట్టుకున్న సందర్భాలున్నాయి. సిబ్బందికి, విద్యార్థులకు ఫోన్లు, ట్యాబులు వేల సంఖ్యలో కొనేది రాష్ట్రమే. సరఫరా చేసిన రోజు నుంచి ఇన్నేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలని, ఇవ్వకపోతే బిల్లులో ఇంత కోత అని టెండరులో రాయించడానికి ఢిల్లీ నుంచి చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే కొనుగోలుతోనే అది మొదలుపెట్టవచ్చు.