ఎడిటర్ ఇచ్చెయ్యన్నా, పనైపోతాది!

ఇప్పుడే వచ్చింది మెసేజు, ఉగ్గాని ప్లేటు చేతిలో ఉండంగానే. "అన్నా, డెప్లాయ్ కొడితే పర్మిషన్ డినైడ్ అంటాంది. ఎడిటర్ ఇచ్చెయ్యన్నా, పనైపోతాది." రాసిన కోడ్‌ను సర్వర్‌కు ఎక్కించబోయినాడు, చేరి నాలుగు రోజులైన పిల్లోడు. వాణ్ణి ఏమనేది లేదు, ఆ మంత్రం నేర్పిన పెద్దమనుషులు వేరే ఉండారు.

ఎడిటర్ అంటే అక్షరదోషాలు దిద్దే ఉద్యోగం అనుకున్నట్టుండారు. గూగుల్ క్లౌడ్‌లో, అంటే గూగుల్ కంప్యూటర్లు అద్దెకు తీసుకునే చోట, ఎడిటర్ రోల్ (హక్కుల మూట) ఉన్నోడు మెషిన్లు ఎన్నైనా లేపొచ్చు, డేటాబేసునైతే ఏకంగా లేపేయొచ్చు. ఇంతా ఇచ్చినా పనైపోతాదా? క్లౌడ్ రన్ (మన కోడ్‌ను గూగులే నడిపే చోటు) సర్వీసును లాగిన్ లేకుండా అందరికీ తెరవాలంటే దాని ఐఏఎమ్ పాలసీ (ఎవరికి ఏ హక్కుందో రాసుండే చిట్టా) మార్చే హక్కు కావాల. అది ఎడిటర్‌కు లేదు. ఇల్లంతా రాసిచ్చి వీధి తలుపు తాళంచెవి మాత్రం దాచుకున్నట్టు.

ఎర్రర్ మెసేజును చదివితే కండ్లు పోతాయా? "యాక్ట్ యాజ్" పర్మిషన్ లేదని దాంట్లోనే రాసి ఉంటాది. అంటే క్లౌడ్ రన్ డెవలపర్ రోల్ ఇచ్చినారు గానీ, ఆ సర్వీసు ఏ సర్వీస్ అకౌంట్ (మనిషికి కాదు, ప్రోగ్రాముకు ఉండే అకౌంట్) పేరు మీద నడుస్తాదో దాని మీద సర్వీస్ అకౌంట్ యూజర్ రోల్ ఇయ్యలేదు. ఆ ఒక్క అకౌంట్ మీద ఇస్తే చాలు. ప్రాజెక్ట్ మొత్తం మీద ఇచ్చినారంటే, లోపలుండే ఏ సర్వీస్ అకౌంట్ వేషమైనా కట్టొచ్చు. ఇచ్చినాక రెండు నిమిషాలు ఆగాల, ఒక్కోసారి ఏడు నిమిషాల పైనే పడతాది. యాడ ఆగుతారు, అర నిమిషానికే "రాలేదన్నా".

ఇంకో తమాషా. జీక్లౌడ్ ఆథ్ లాగిన్ కొడతారు, టెర్మినల్లో కమాండ్లన్నీ పోతాయి, రాసిన కోడ్ మాత్రం కదలదు. కోడ్ వెతుక్కునేది అప్లికేషన్ డిఫాల్ట్ క్రెడెన్షియల్స్‌ను, అంటే ప్రోగ్రాములు వాడుకునే వేరే లాగిన్‌ను. దానికి జీక్లౌడ్ ఆథ్ అప్లికేషన్-డిఫాల్ట్ లాగిన్ అని వేరేగా కొట్టాల. ఈ ముక్క చెప్పే దిక్కు లేక సర్వీస్ అకౌంట్ జేసన్ కీ (తాళంచెవి లాంటి ఫైలు) దించుకోని వాట్సాప్ గ్రూపులో పడేస్తారు, పండగ ఫోటో మాదిరి. మామూలుగా ఆ కీకి గడువనేదే ఉండదు సామీ! గ్రూపులోంచి మనిషి పోయినా కీ పోదు.

మన అనంతపురం బ్రాడ్‌బ్యాండ్ సంగతి చెప్పాల్నా, కరెంటు పోయి వస్తే చాలు, ఐపీ (ఇంటర్నెట్‌లో మన అడ్రసు) మారిపోతాది. దానికి మందు ఏం కనిపెట్టినారో తెలుసునా? క్లౌడ్ ఎస్‌క్యూఎల్ అనే గూగుల్ డేటాబేసు ఆథరైజ్డ్ నెట్‌వర్క్స్‌లో 0.0.0.0/0, అంటే ఏ ఐపీ నుంచైనా రావొచ్చని. బీరువా తెచ్చి సప్తగిరి సర్కిల్లో పెట్టి, తాళం ఉంది కదప్పా అన్నట్టు. క్లౌడ్ ఎస్‌క్యూఎల్ ఆథ్ ప్రాక్సీ (ఐపీ కాదు, హక్కు చూసి డేటాబేసుకు కలిపే చిన్న ప్రోగ్రాము) వేసుకోని క్లౌడ్ ఎస్‌క్యూఎల్ క్లయింట్ రోల్ ఇస్తే ఐపీ గొడవే లేదు. పది నిమిషాల పని.

బడ్జెట్ అలర్ట్ పెట్టినాం కదా, బిల్లు దాటదు అనేవాళ్లకు దూరం నుంచే నమస్కారం. అది మెయిల్ పంపుతాది, ఖర్చు ఆపదు.

ఇవన్నీ పైపై మంటలు. కడుపులో ఉండేది ఇంకోటి: ప్రాజెక్టును పర్సనల్ జీమెయిల్‌తో తెరిచే సార్లు! కంపెనీ డొమైన్ ఉన్నాక క్లౌడ్ ఐడెంటిటీ (ఉద్యోగుల లాగిన్లు చూసుకునే గూగుల్ సర్వీసు) ఫ్రీ ఎడిషన్ తీసుకుంటే 50 మంది దాకా పైసా ఖర్చు లేదు, కంపెనీ ప్రాజెక్టులన్నిటికీ గొడుగు లాంటి ఆర్గనైజేషన్ దానంతటదే వస్తాది. డెవలపర్లకు ఒక గ్రూపు, టెస్ట్‌కు ఒక ప్రాజెక్ట్, ప్రొడక్షన్‌కు ఒకటి. రోల్ గ్రూపుకు ఇస్తే, మనిషి మానేసిన రోజు గ్రూపులోంచి తీసేస్తే అయిపాయె. ఒక పూట పని. చేయరు. ప్రొడక్షనంతా పేరు చివర "టెస్ట్" అని ఉండే ప్రాజెక్టులో నడుస్తాంటాది. ప్రాజెక్ట్ ఐడీ ఒకసారి పెడితే మార్చేదానికి లేదు, డిలీట్ చేసినా ఆ ఐడీ మళ్ల దొరకదు. కాబట్టి ఆ "టెస్ట్" కంపెనీ ఉన్నన్నాళ్లూ ఉంటాది, పచ్చబొట్టు లెక్క.

సరే, ఇప్పుడైనా ఆర్గనైజేషన్ కిందికి మారుద్దామంటే ఓనర్ లాగిన్ కావాల. ఓనర్ ఎవరు? సారు జీమెయిల్ ఒక్కటే. ఓటీపీ ఆయన ఫోనుకే వస్తాది. అడిగితే "పెండ్లిలో ఉండా, సాయంత్రం చేయి" అంటాడు. ఏ సాయంత్రమో చెప్పడు.